గోడ లేచిందంటే చాలు

డిస్నీల్యాండ్‌కి వెళ్లినవాళ్లు కోట చూస్తారు, రైడ్లెక్కుతారు, మిక్కీ మౌస్ పక్కన నిలబడి ఫోటో దిగుతారు. మా బావమరిది గోడలు చూస్తాడు. పని జరుగుతున్నప్పుడు జనానికి కనపడకుండా అడ్డం పెడతారే, ఆ చెక్కగోడలు. అలాంటిదొకటి కొత్తగా లేచిందంటే ఆ వారమంతా వాడి మొహంలో పెళ్లికళే.

వీడొక్కడే అనుకునేరు. దక్షిణ కాలిఫోర్నియాలో ఇదొక తెగ. రిటైరైన టీచర్లు, డ్యూటీ దిగి ఇంటికి పోవాల్సిన నర్సులు, మధ్యాహ్నం మీటింగుకి డుమ్మా కొట్టిన సాఫ్ట్‌వేర్ వాళ్లు. ఒకరి పేరు ఒకరికి తెలియదు గానీ ఏ క్రేను ఏ రోజు దిగిందో అందరికీ నోటికొచ్చు. "మట్టి కదిలిందా?" అని ఒకరు, "వర్టికల్ వెళ్లిపోయింది" అని ఇంకొకరు. నేలమీంచి స్తంభం లేచిందని దానర్థం. ఆ కబురు చెప్పేటప్పుడు గొంతు కాస్త తగ్గిస్తారు, శుభవార్త కదా.

వాడికిది ముదిరింది 2015 ఆగస్టులో. అనహైమ్‌లో జరిగిన డిస్నీ అభిమానుల సభలో డిస్నీ సంస్థ అధిపతి బాబ్ ఐగర్ లేచి, స్టార్ వార్స్ కోసం 14 ఎకరాల్లో కొత్త లోకం కడుతున్నామని ప్రకటించాడు. 2016 జనవరిలో బిగ్ థండర్ రాంచ్ మూసేశారు, పార్కు మధ్యనున్న నదిలో నీళ్లు తోడేశారు, పార్కు చుట్టూ తిరిగే ఆవిరి రైలు ఆపేశారు. పిల్లల్ని తీసుకెళ్లినవాళ్లు సగం పార్కుకి పూర్తి టిక్కెట్టా అని గొణిగారు. మావాడు ఏడాది పాసు కొత్తది తీసుకున్నాడు.

ఆ పాసు వాడికి పార్కింగు కోసం. మిక్కీ అండ్ ఫ్రెండ్స్ అని అక్కడ పది వేల పైచిలుకు కార్లు పట్టే ఆరంతస్తుల పార్కింగుంది. దాని పైఅంతస్తు పిట్టగోడ దగ్గర నిలబడితే పని జరిగే చోటు బాగా కనిపిస్తుంది. వేరే దారి కూడా లేదు మరి. 2003 నుంచి డిస్నీల్యాండ్ చుట్టూ మూడు నాటికల్ మైళ్ల మేర, మూడు వేల అడుగుల లోపు మామూలు విమానాలు ఎగరకూడదు. డ్రోను మాట ఎత్తితే నేరుగా పోలీసులతోనే పని. కాబట్టి పొద్దున్నే పైఅంతస్తులో కార్లన్నీ ఒకే వైపుకి చేరతాయి, మడత కుర్చీలు దిగుతాయి.

మా అత్తగారు తెనాలి నుంచి వచ్చినప్పుడు కొడుకు ఆవిణ్ణి ముందు అక్కడికే తీసుకెళ్లాడు. ఎదురుగా బోలెడు ఇనుప బోనులు. కంప్యూటర్ నమూనా ప్రకారం వంచిన ఊచల్ని ముక్కలు ముక్కలుగా తెచ్చి ఉక్కు చట్రానికి బిగిస్తారు. దానిమీద సిమెంటు చల్లి, అది గట్టిపడేలోపు మేస్త్రీలు రాతి పగుళ్లు చెక్కుతారు, ఆ పైన రంగులద్దుతారు. అన్నిటికంటే పెద్ద శిఖరం దాదాపు 130 అడుగులు. మావాడు ఇదంతా వేలుపెట్టి చూపిస్తూ చెప్పాడు. ఆవిడ కళ్లజోడు సర్దుకుని చాలాసేపు చూసింది.

"ఊచలేగదరా నాన్నా?"

"అవే కొండలవుతాయమ్మా."

"మన ఎదురింటి వాళ్ల డాబా మీదా ఉన్నాయిగా ఇట్టాంటివి, పై అంతస్తు వేద్దామని వదిలేసినవి. ఇరవై ఏళ్లయింది, అవేం కాలేదు." కాసేపాగి మళ్లీ అంది: "అక్కడ మీ నాన్నగారు రోజూ ఫోన్లో అమరావతి డ్రోను వీడియోలు చూస్తా కూచుంటారు. ఇక్కడ నువ్వు. నా ఖర్మ."

వాడికి అదేమీ ఎక్కలేదు. అప్పటికే పక్కనున్న తెల్లాయనతో వాదన మొదలెట్టాడు, ఒక తలుపు కంత గురించి. వంటగదిదని ఆయన, క్యూ లైనుదని వీడు. ఇద్దరికీ "లోపల పనిచేసే మనిషి" ఒకడు చెప్పాడట. ఈ తెగలో ప్రతివాడికీ లోపల ఒక మనిషి ఉంటాడు. ఆ మనిషిని మాత్రం ఎవరూ చూడలేదు.

నగరపాలకుల దగ్గర దాఖలైన పర్మిట్లు కూడా వాడు వదలడు. కరెంటు పర్మిట్టొకటి దొరికితే చాలు, దాంట్లోంచి రైడు పొడవు, సీట్ల సంఖ్య, చివర్లో వచ్చే రాక్షసుడి ఎత్తు దాకా తేలుస్తాడు. తీరా అది మరుగుదొడ్ల బిల్డింగని తేలినా నొచ్చుకోడు. మరుగుదొడ్లు అంత పెద్దవి కడుతున్నారంటే జనం ఎంతమంది వస్తారో ఊహించుకోమంటాడు. ఇంత చదివేవాడు తన సొంత గ్రీన్ కార్డు ఫైలు ఎక్కడిదాకా వచ్చిందో మాత్రం చూడడు. దానికి మా ఆవిడ ఉంది.

2017 జులై 29న రైలు మళ్లీ తిరిగింది. 1955 నుంచి ఎప్పుడూ కుడికే తిరుగుతూ వచ్చిన ఆ రైలు, కొత్త స్థలానికి దారివ్వాల్సి రావడంతో మొట్టమొదటిసారి ఎడమకి తిరిగింది. ఆ మలుపులో మావాడు కళ్లు తుడుచుకున్నాడు. పక్కనే కూర్చున్న వాడి సొంత అక్క, అంటే మా ఆవిడ, ఎవరో తెలియనట్టు అటు తిరిగి కూర్చుంది.

నన్నడిగితే తప్పు వీళ్లది కాదు, వాల్ట్ డిస్నీది. 1954లో ఒకపక్క నారింజ తోటలు కొట్టించి పార్కు కట్టిస్తూనే, ఇంకోపక్క ఏబీసీ టీవీలో సొంత కార్యక్రమం పెట్టి, పని ఎంతవరకు వచ్చిందో దేశమంతటికీ చూపించాడు. ఆ పార్కు ఎప్పటికీ పూర్తికాదని కూడా ఆయనే చెప్పాడు. ఇంక వీళ్లకి వేరే వేదం ఎందుకు? అక్కడి దయ్యాల కొంప హాంటెడ్ మాన్షన్ సంగతి మరీ అన్యాయం. 1963 నాటికి బయటి భవనం తయారు, లోపలికి జనాన్ని రానిచ్చింది 1969లో. ఆరేళ్లు ఖాళీ ఇంటి ముందు నిలబడి మురిసిన తరం అది. వాళ్లతో పోలిస్తే మావాడి తపస్సు ఏపాటి!

ఆ స్టార్ వార్స్ లోకాన్ని గాలక్సీస్ ఎడ్జ్ పేరుతో 2019 మే 31న తెరిచారు. మొదట్లో రిజర్వేషన్ ఉంటేనే ప్రవేశం, అదీ నాలుగు గంటలే. వాడు ఎలాగో సంపాదించి నన్నూ లాక్కెళ్లాడు. సినిమాల్లోని అంతరిక్ష ఓడ, నూరడుగులకి మించిన మిలేనియం ఫాల్కన్, నిజంగా ఎదురుగా నిలబడి ఉంది. పెద్దవాళ్లు దాని ముందు చిన్నపిల్లల్లా నోరు తెరిచారు, ఒప్పుకోవాలి, నేనూ తెరిచాను. మావాడు మాత్రం దానికి వీపు పెట్టి నేల చూస్తున్నాడు.

"ఇక్కడే బావా, పెద్ద మట్టికుప్ప ఉండేది."

"ఓడ ఎక్కుదాం పదరా."

"జనం మరీ ఎక్కువున్నారు బావా," అన్నాడు, తనింట్లోకి ఎవరో చెప్పకుండా వచ్చినట్టు.

అదృష్టం, రెండో రైడు అప్పటికి తయారుకాలేదు. రైజ్ ఆఫ్ ది రెసిస్టెన్స్ తలుపులు 2020 జనవరి 17 దాకా మూసే ఉన్నాయి. ఆ తలుపు దగ్గరే వాడు మిగతా సమయం హాయిగా గడిపాడు. పక్క పార్కులో అవెంజర్స్ క్యాంపస్ గోడలు లేచి ఉన్నాయి గనక 2021 దాకా వాడికి గోడల లోటు లేదు.

తర్వాత కొన్నాళ్లు బాగా నీరసపడ్డాడు. అన్నం సరిగ్గా తినడం లేదని తెనాలిలో బెంగపెట్టుకున్నారు. 2024లో డిస్నీల్యాండ్ విస్తరణకి అనహైమ్ నగర కౌన్సిల్ ఓటేసింది. పదేళ్లలో తక్కువలో తక్కువ 190 కోట్ల డాలర్ల పని. ఆ రోజు ఆఫీసుకి సెలవు పెట్టి అంతా విని, ఉండబట్టలేక తల్లికి ఫోన్ చేశాడు: "అమ్మా, ఓకే అయిపోయింది. ఇంక పదేళ్లదాకా దిగుల్లేదు!"

గ్రీన్ కార్డు వచ్చిందనుకుని ఆవిడ ఆ శనివారమే ఆంజనేయస్వామికి వడమాల వేయించింది.