అటక మీది తుపాకి: మడకశిర వారసులకు ఏడు సలహాలు

దసరాకి ఇల్లు దులిపేటప్పుడు మడకశిర చుట్టుపక్కల పల్లెల్లో ఎక్కడో ఒక అటక మీద నుంచి పాత తుపాకి దిగుతుంది. బారెడు గొట్టం, చెద తిన్న మడమ, గోరుతో గీకితే రాలే తుప్పు. మూతిలోంచి మందు పోసి, పీచు కుక్కి, సీసపు గుండు జార్చి, కడ్డీతో దట్టించి పేల్చే రకం. దాన్నేం చేయాలో తోచని వారసుల కోసం ఈ సలహాలు. తు.చ. తప్పకుండా పాటిస్తే ఊళ్లో మీ పేరు నిలిచిపోతుంది. పూలదండ వేసిన ఫొటో కింద నిలుస్తుందా, కేసు డైరీలో నిలుస్తుందా అన్నది మీ అదృష్టం.

1. తుప్పు కంటే ముందు వంశానికి మెరుగు పెట్టండి

"మా ముత్తాత పాళెగాడు" అనేయండి, చాలు. 1800లో నిజాం ఈ సీమను కుంపిణీకి అప్పగించాక కలెక్టరుగా వచ్చిన మన్రోకు దత్తమండలాల్లో 80 మంది పాళెగాళ్లు తగిలారు. వాళ్ల వెనక ఆయుధం పట్టిన బంట్లు ముప్పై వేల దాకా ఉండేవాళ్లు. ఈరోజు టీ అంగడి దగ్గర లెక్కేస్తే ఆ 80 మంది వారసులూ ఒక్క మండలంలోనే తేలతారు. ముప్పై వేల బంట్లకు మాత్రం సంతానమే లేనట్టుంది. 1807లో మన్రో వెళ్లిపోయేనాటికి పాళెగాళ్ల జోరు అణిగిపోయింది. ఆయన కళ్లు గప్పి మిగిలిన తుపాకి ఇదొక్కటేనని చెప్పండి. గొట్టం కొసన కనిపించే నీళ్ల పైపు మరలను మాత్రం చేత్తో కప్పి పట్టుకోండి. ఆ పైపు నీళ్ల కోసం చేసింది, మందు పేలుడు కోసం కాదు అనే తెలివైనవాళ్లను ఆ రోజు ఇంటికి పిలవకండి.

2. చట్టం సగమే చదవండి

1959 ఆయుధాల చట్టంలో 45వ సెక్షన్ మీకు తెగ నచ్చుతుంది. కాలం చెల్లిన నమూనాలకూ, పురావస్తు విలువ ఉన్నవాటికీ చట్టం వర్తించదని అందులో ఉంది. అక్కడికి రాగానే పుస్తకం మూసేయండి. ఎందుకంటే వాక్యం ఇంకా అయిపోలేదు. ఆ ఆయుధం ఉన్నపళంగానే కాదు, మరమ్మతు చేసినా పేల్చడానికి పనికిరానిదై ఉండాలట. అంటే మీరు దాన్ని బాగు చేయించిన రోజే అది బాగుపడేదని మీరే రుజువు చేసినట్టు. ఇక 25వ సెక్షన్ చూసుకుంటుంది. 2019 సవరణ తర్వాత లైసెన్సు లేకుండా దగ్గర ఉంచుకుంటే రెండు నుంచి అయిదేళ్లు. దొంగచాటుగా తయారుచేసినా, మరమ్మతు చేసినా ఏడేళ్ల నుంచి యావజ్జీవం దాకా.

3. అమెరికా అల్లుణ్ణి అడగండి

అక్కడ 1968 నాటి ఫెడరల్ చట్టం 1898 దాకా తయారైన తుపాకుల్నీ, మూతి నుంచి మందు పోసే చాలా రకాల నమూనాల్నీ మామూలు తుపాకుల లెక్కలో వేయదు. విడి భాగాలు పెట్టెలో ఇంటికొస్తాయి, సెలవు రోజుల్లో కూర్చుని బిగించుకుంటారు. ఇండియానాలోని ఫ్రెండ్‌షిప్ అనే చిన్న ఊళ్లో, 1933లో పుట్టిన సంఘం ఒకటి వీటితోనే పోటీలు నడుపుతుంది. అల్లుడు ఆ వీడియోలు పంపుతాడు. వాటిని మడకశిర పోలీసులకు చూపించి, "చూడండి సార్, అక్కడ తప్పు కాదు" అని వాదించండి.

అది చెల్లకపోతే కర్ణాటకలోని కొడగు ఉదాహరణ ఎత్తండి. అక్కడి కొడవలకు లైసెన్సు అక్కరలేదన్న మినహాయింపు బ్రిటిషువాళ్ల కాలం నుంచీ ఉంది. 2019లో కేంద్రం దాన్ని 2029 దాకా పొడిగించింది. మనకూ కన్నడం వచ్చు కాబట్టి మనకూ వర్తించాలని అడగండి.

4. లైసెన్సు జోలికి పోకండి

మన 1959 ఆయుధాల చట్టంలోని 13వ సెక్షన్, నిజంగా పంట కాపాడుకోవడానికి మూతి నుంచి మందు పోసే తుపాకి కావాలన్నవాడికి లైసెన్సు ఇవ్వాలని పేరు పెట్టి మరీ చెబుతుంది. అంటే మీరు దాచుకుంటున్న వస్తువుకే రాజమార్గం ఉంది. అయినా సరే, పోకండి. దరఖాస్తులు, పోలీసు విచారణలు, రెన్యువళ్లు అంటూ తిరిగితే పాళెగాడి మనవడి పరువేం కావాలి? కాగితం ఉన్న తుపాకిని చూసి ఊళ్లో ఎవరు జడుస్తారు?

5. పందుల మీదికి రాత్రిపూటే వెళ్లండి

శెనక్కాయ చేలో అడవి పందులు పడ్డాయంటే రైతు కడుపు మంట ఉత్తది కాదు. అందుకే గుడ్డిగా వెళ్లాలి. మొదటి దెబ్బకు తెల్లటి పొగ కమ్మి ఎదురుగా ఏముందో కనబడదు. మందు పోసి, పీచు కుక్కి, గుండు వేసి, దట్టించి, రంజకం పెట్టి రెండోసారి గురి చూసేసరికి పందులు మీ చేను ముగించి పావగడ వైపు భోజనానికి పోయుంటాయి. చీకట్లో కదిలేదల్లా పందే అని నమ్మండి. పక్క చేలో కాపలాకొచ్చిన మామ కూడా కదులుతాడు కానీ, అంతదూరం ఆలోచిస్తే గురి కుదరదు. అడవి పందికీ 1972 వన్యప్రాణి చట్టం రక్షణ ఉంది. గుండు దారి తప్పి కృష్ణజింకకో, నెమలికో, ఎలుగుబంటికో తగిలితే మరీ మంచిది. అవి ఒకటో షెడ్యూలు జంతువులు, శిక్ష మూడేళ్ల నుంచి మొదలవుతుంది.

6. మందు ఉందో లేదో కన్ను పెట్టి చూడండి

తాత దట్టించి అలాగే వదిలేశాడేమోనన్న అనుమానం అక్కర్లేదు. తుపాకి మందు తడి తగలకపోతే దశాబ్దాలైనా చావదన్నది నిజమే. ఏడాదికి 550 మిల్లీమీటర్ల వాన పడటమే గగనమైన ఈ కరువు సీమలో అటక మీదికి తడి ఎక్కడినుంచి వస్తుంది? అయినా మూతికి కన్ను ఆనించి, రంజకం బెజ్జం దగ్గర అగ్గిపుల్ల గీసి చూడండి. లోపల ఏమీ లేదనిపిస్తే ఇంకోసారి దట్టించండి. 1863లో అమెరికాలోని గెటిస్‌బర్గ్ యుద్ధభూమిలో ఏరిన 27 వేలకు పైగా తుపాకుల్లో 24 వేల దాకా పేలకుండా మందుతోనే ఉన్నాయి. వాటిలో సగానికి రెండేసి సార్లు దట్టించి ఉంది. కవాతు నేర్చిన సిపాయిలే అలా చేశారు, మీరెంత? ఎలాగూ పేలుస్తారు కాబట్టి గడ్డివాము పక్కనే నిలబడండి. మూతిలోంచి ఎగిరిపడే పీచు రాజుకుంటూనే వచ్చి పడుతుంది.

7. చేతిపని సరదాను తుపాకి వైపే మళ్లించండి

మన జిల్లాలోనే ధర్మవరం దగ్గర నిమ్మలకుంటలో తోలుబొమ్మలు చేస్తారు. ఆ ఊరి దళవాయి చలపతిరావుకు 2020లో పద్మశ్రీ వచ్చింది. పాత తుపాకులు చూడాలనుకుంటే హైదరాబాదు సాలార్‌జంగ్ మ్యూజియంలో ఆయుధాల గదే ఉంది. కానీ తోలుబొమ్మ పేలదు, అద్దాల వెనక తుపాకిని ముట్టుకోనివ్వరు. ఆ రెంటిలో మజా ఏముంది? నాటు తుపాకి చేసినవాడికి పద్మశ్రీ రాలేదు కానీ, ప్రభుత్వ వసతి మాత్రం తప్పక దొరుకుతుంది.

ఈ ఏడూ పాటించాక చేతికి వేళ్లు మిగిలినవారు, బెయిలు దొరికాక, ఫలితాలు మాకు రాయగలరు. ఇంత శ్రమ పడలేని పిరికివాళ్లు ఒకటి చేయండి. తుపాకిని కదపకండి, గీకకండి, పిల్లల్ని ఆ గదిలోకి రానివ్వకండి, పోలీస్ స్టేషనుకు ఫోన్ చేసి వాళ్లనే వచ్చి తీసుకెళ్లమనండి. పంట కోసం నిజంగానే తుపాకి కావాలంటే 13వ సెక్షన్ కింద దరఖాస్తు పెట్టండి.