మా ఏజెన్సీ మాహాత్మ్యం

పొగడటం మా వృత్తి. షాద్‌నగర్ దాటాక కందిచేలో నాలుగు రాళ్లు పాతితే చాలు, ‘ఎయిర్‌పోర్టుకు 20 నిమిషాలు’ అని రాస్తాం. ఆ 20 నిమిషాలు కారులోనా, హెలికాప్టర్‌లోనా అని ఇంతవరకు ఎవరూ అడగలేదు. ఇరుకు గదిలో పిల్లల్ని కుక్కిన కోచింగ్ సెంటర్‌ను ర్యాంకుల పుట్టినిల్లంటాం. ముందురోజు నూనెలో వేగిన చికెన్‌ను అమ్మమ్మ చేతివంటంటాం. ఊళ్లో అందరినీ ఇంతగా కీర్తించే వాళ్లం, మాకు అన్నం పెట్టే చోటు గురించి నాలుగు మంచి మాటలు చెప్పకపోతే కళ్లు పోతాయి. కొండాపూర్‌లో ఒక అపార్ట్‌మెంట్ రెండో అంతస్తు, త్రీ బెడ్‌రూమ్ ఫ్లాట్, అదే మా క్రియేటివ్ ఏజెన్సీ. పేరు చెప్పను. చెబితే ప్రకటన అవుతుంది. ప్రకటనకు మేం డబ్బు తీసుకుంటాం, అంటే, తీసుకోవాలనే అనుకుంటాం.

ముందుగా చెప్పుకోవాల్సింది ఆప్యాయత. మా దగ్గర ‘సార్’ అనే మాట నిషేధం. అది కార్పొరేట్ జబ్బట. యజమానిని ‘అన్నా’ అనాలి. చేరిన రోజే ఆయన భుజం మీద చెయ్యేసి ‘ఇది ఆఫీసు కాదు తమ్ముడూ, ఫ్యామిలీ’ అన్నాడు. ఎంత దూరదృష్టి! సార్‌ను ఓవర్‌టైమ్ అడగొచ్చు, అన్నను ఎలా అడుగుతాం? మేనేజర్‌కు రాజీనామా లేఖ ఇవ్వొచ్చు, ఫ్యామిలీకి ఎవరైనా నోటీస్ పీరియడ్ ఇస్తారా? జీతం పదో తారీఖు దాటితే ‘ఇంట్లో కూడా ఒక్కోనెల ఇబ్బంది ఉంటుంది కదా’ అంటాడు. నిజమే, ఉంటుంది. ఈ నెల మా ఇంట్లో ఉంది.

ఆ కుటుంబం చిన్నదిగానే ఉండాలన్నది అన్న సిద్ధాంతం. 19 మంది అయ్యాక ఇంకొకరిని తీసుకోడు. 20 మంది ఉన్న సంస్థకు ప్రావిడెంట్ ఫండ్ చట్టం వర్తిస్తుందనీ, అందుకేననీ గిట్టనివాళ్లు అంటారు. అది అపవాదు. మనుషులు మరీ ఎక్కువైతే అనుబంధాలు పలచబడతాయని ఆయన బాధ. పని పెరిగితే ఫ్రీలాన్సర్లు ఉంటారు, ఇంటర్న్‌లు ఉంటారు. వాళ్లు చుట్టాల్లాంటి వాళ్లు, రేషన్ కార్డులోకి ఎక్కరు.

జీతం సంగతి ఎలా ఉన్నా హోదాలివ్వడంలో మాత్రం మా సంస్థది ఎముక లేని చెయ్యి. డిగ్రీ అయిన రెండేళ్లకే ఇక్కడ క్రియేటివ్ డైరెక్టర్ కావచ్చు. ఇంక్రిమెంట్ అడిగిన ప్రతిసారీ హోదా ఒక మెట్టు పెరుగుతుంది. ఇప్పుడు మాకు కంటెంట్ హెడ్, డిజైన్ హెడ్, వీడియో హెడ్, స్ట్రాటజీ హెడ్ అందరూ ఉన్నారు. ఏ హెడ్ కిందా మనిషి లేడు. అందరం రాహువులమే, తలలే గాని మొండేలు లేవు. కంటెంట్ హెడ్‌ను కనుక షూటింగ్ రోజు థర్మాకోల్ రిఫ్లెక్టర్ పట్టుకునేది నేనే.

ఇక మా క్లయింట్ల సూక్ష్మదృష్టి. దీని గురించి కొంచెం తీరిగ్గా చెప్పాలి. 2024 ఉగాదికి ఒక టైల్స్ షాపు వాళ్లకు పోస్టు చేశాం. మధ్యలో పచ్చడి గిన్నె, పక్కన వేపపువ్వు, మామిడి ముక్కలు, కింద ‘శ్రీ క్రోధి నామ సంవత్సర శుభాకాంక్షలు’. మా డిజైనర్ కుర్రాడు పనిమంతుడు, ముందురోజు మధ్యాహ్నానికే పంపేశాడు. రాత్రి పదిన్నరకు వాట్సాప్ గ్రూపులో కదలిక వచ్చింది. ముందు ఓనర్ గారి బావమరిది: లోగో కనబడటం లేదు. పెంచాం, గిన్నె కాస్త పక్కకు జరిగింది. తర్వాత ఓనర్ గారి ఫోటో వచ్చింది, కోటు వేసుకుని చేతులు కట్టుకున్నది. పెట్టాం, గిన్నె ఇంకాస్త జరిగింది. మూడు బ్రాంచీల ఫోన్ నంబర్లు వచ్చాయి. మామిడి ముక్కలు పోయాయి. అప్పుడు అసలు సందేహం వచ్చింది: ‘క్రోధి అంటే కోపం కదండీ, పండగ పూట నెగటివ్‌గా లేదూ? ఇంకో ఆప్షన్ ఇవ్వగలరా?’

సంవత్సరాల పేర్లు అరవై ఉన్నాయి గాని వరుస మన చేతిలో లేదని చెప్పడానికి మా అకౌంట్ మేనేజర్ అమ్మాయి నాలుగుసార్లు టైప్ చేసి నాలుగుసార్లూ చెరిపేసింది. చివరికి ‘తప్పకుండా సార్, చెక్ చేసి చెప్తాం’ అని పంపింది. క్లయింటుకు కాదని చెప్పే పద్ధతి మా సంస్థలో లేదు, కనుక సంవత్సరం పేరే తీసేశాం. క్యాప్షన్‌లో ‘చేదు’ అన్న మాట కూడా బాగాలేదన్నారు. ఆ ఏడాది మా పచ్చడికి ఐదే రుచులు. 2026లో వచ్చేది పరాభవ అని ఎవరో వాళ్ల చెవిన వేసినట్టున్నారు, ఇకమీదట ‘హ్యాపీ ఉగాది’ చాలని ముందే ఆదేశం వచ్చింది.

ఆ రాత్రి కథ అక్కడితో ఆగలేదు. పన్నెండు దాటాక ఫైలు ఇంకో సిస్టమ్‌లో తెరిస్తే వత్తులు విడిపోయాయి. ‘శుభాకాంక్షలు’లో క కింద ఉండాల్సిన షవత్తు లేచొచ్చి పక్కన నిలబడింది. తెలుగు డిజైన్ చేసేవాళ్లందరికీ ఈ బాధ తెలిసిందే. అను ఫాంట్లలో కొడితే ఆ ఫాంటు లేని కంప్యూటర్‌లో అక్షరాలు పిచ్చిగీతలవుతాయి. యూనికోడ్‌లో కొడితే, ఫోటోషాప్‌లో భారతీయ భాషల సెట్టింగ్ మార్చుకోకపోతే, వత్తులూ గుణింతాలూ తలోదారి పడతాయి. కుర్రాడు నిద్రమత్తులో అదే పంపేశాడు. అప్రూవ్ అయింది. తెల్లారి పేజీలో పెట్టాం, వందలమంది లైక్ కొట్టారు. ఒక్కరూ ఏమీ అనలేదు. లోగో మాత్రం చక్కగా కనిపించింది.

చట్టాలంటే మాకు మహా గౌరవం. దుకాణాలు, సంస్థల చట్టం 1988లో వచ్చింది. రోజుకు 8 గంటలు, వారానికి 48 గంటలు పని అని అందులో రాశారు. మేం ఆ 48 గంటలను ఎంత శ్రద్ధగా పాటిస్తామంటే, గురువారం రాత్రికే పూర్తి చేసేస్తాం. శుక్ర, శనివారాలు మా ఇష్టంతో చేసేవి. ఆదివారం పని ఉండదు, టీమ్ ఔటింగ్ ఉంటుంది. మొయినాబాద్ వైపు ఫామ్‌హౌస్‌కు తీసుకెళ్లి క్రికెట్ ఆడిస్తారు. అక్కడ క్లయింటు వెంచర్‌కు రీల్స్ కూడా తీస్తాం, ఎలాగూ వెళ్లాం కదా అని.

రెరా చట్టమన్నా అంతే. రిజిస్ట్రేషన్ లేకుండా ప్రాజెక్టుకు ప్రకటన ఇవ్వకూడదని 2016 నాటి ఆ చట్టం చెబుతోంది. మా రియల్ ఎస్టేట్ క్లయింటు ఆ మాట జవదాటడు. అందుకే ప్రీ-లాంచ్ ధరలను ప్రకటనలో వేయించడు, ‘శ్రేయోభిలాషులకు సమాచారం’ అని వాట్సాప్‌లో తిప్పిస్తాడు. ఆ శ్రేయోభిలాషుల లిస్టు కొనేది ఆయన, సమాచారం రాసేది నేను. రిటైరైన మాస్టర్లు తమ గ్రాట్యుటీ పట్టుకుని నా వాక్యాన్ని నమ్మి వస్తారు. నా శైలికి అంతకంటే పెద్ద సన్మానం ఏముంటుంది?

డబ్బు దగ్గర మా అన్న వైరాగ్యం చూసి తీరాలి. వెనకటికి ఏజెన్సీలు పత్రికలిచ్చే 15 శాతం కమిషన్ మీద బతికేవి. ఇప్పుడు మాలాంటి చిన్నవి నెలవారీ రిటైనర్ మీద బతుకుతున్నాయి. అగ్రిమెంట్‌లో నెలకు ఇన్ని పోస్టులు, ఇన్ని రీల్స్ అని లెక్క ఉంటుంది. అందులో లేనిది ప్రేమ కొద్దీ చేసేది: ఓనర్ గారి అమ్మాయి శుభలేఖ, వాళ్ల నాన్నగారి సంస్మరణ ఫ్లెక్సీ, బావమరిది కార్పొరేటర్ టికెట్ ప్రయత్నానికి పోస్టర్లు. బిల్లు మాత్రం నిదానంగా వస్తుంది. చిన్న సంస్థలకు 45 రోజుల్లోపు చెల్లించాలని, ఆలస్యమైతే బ్యాంకు రేటుకు మూడు రెట్లు చక్రవడ్డీ కట్టాలని 2006 నాటి చట్టంలో ఉంది. అన్నకు అది కంఠస్థం. అయినా ఇంతవరకు ఒక్క క్లయింటు మీదా ఫిర్యాదు చేయలేదు. చేస్తే బాకీ వస్తుందేమో గాని క్లయింటు పోతాడు, ఇంకో ఏజెన్సీ పక్క వీధిలోనే ఉంది. ఒక మాట న్యాయంగా చెప్పాలి: చేతికి రాని బిల్లు మీద కూడా 18 శాతం జీఎస్టీ ఆయన ముందే కట్టాలి. రాత్రిళ్లు ఆయనకు నిద్ర పట్టదన్నది నిజం. అందుకే మాకు మెసేజ్‌లు పెడతాడు.

పిచ్‌ల గురించి ఎక్కువ చెప్పను. మా ఐడియా బాగుంటే అది పక్క ఏజెన్సీ పేరు మీద హోర్డింగెక్కుతుంది. బాగాలేకపోతే మా దగ్గరే భద్రంగా ఉంటుంది.

ఈమధ్య ఏఐ వచ్చాక మా పని ఇంకా తేలికైంది. వెనకటికి ఒక పోస్టుకు ఒక రోజు అడిగేవాళ్లం. ఇప్పుడు ‘అరనిమిషం పనే కదా’ అని అరగంట ఇస్తారు, దయగలవాళ్లు. ఒక క్లయింటు ఇంటర్ చదివే కొడుకు చేత పది బొమ్మలు చేయించి, ‘రెఫరెన్స్‌కి మాత్రమే’ అని పంపించారు. అందులో బతుకమ్మకు కొవ్వొత్తులు గుచ్చి ఉన్నాయి, కేకుకు గుచ్చినట్టు. దాన్ని సరిచేసి ఇచ్చాం. ఐడియా వాళ్లబ్బాయిదే గనుక ఆ నెల రిటైనర్‌లో కొంత తగ్గించుకున్నారు.

ఇంత విన్నాక మీకూ చేరాలనిపిస్తోందా? అదృష్టవంతులు, ప్రస్తుతం ఒక ఖాళీ ఉంది. తెలుగు, ఇంగ్లీషు బాగా రావాలి. రాయడం, డిజైన్, ఎడిటింగ్, కెమెరా, అవసరమైతే రీల్‌లో నటన తెలిసి ఉండాలి. బండి సొంతం, పెట్రోలూ సొంతం. ఫ్రెషర్లే కావాలి, ఐదేళ్ల అనుభవంతో. జీతం తర్వాత మాట్లాడుకుందాం, ముందు ఒక చిన్న టెస్ట్ అసైన్‌మెంట్: ఒక చీరల షాపుకు దసరా క్యాంపెయిన్ మొత్తం. శుక్రవారం సాయంత్రంలోగా పంపండి. ఎంపిక కాకపోతే బెంగ పెట్టుకోకండి, మీ పనిని పండగనాడు ఆ షాపు పేజీలో చూసుకోవచ్చు.