బల్ల మీద ట్రూనాట్

పుట్టుక బెంగళూరు ల్యాబులో, తయారీ గోవాలో, ఉద్యోగం మన్యంలో. కొండమీది ఓ పీహెచ్‌సీలో కిటికీ పక్క బల్ల నాది. నా పేరు ట్రూనాట్. కళ్లెలో క్షయ క్రిమి జన్యువు ఉందో లేదో చెప్పడం నా పని.

నాకంటే ముందువాడు సీబీనాట్. 2010 డిసెంబరులోనే ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆమోదం పొందాడు. ఘనుడే, కాదనను. కానీ ఆయనకి ఏసీ ఉండాలి, కరెంటు పోకూడదు. అందుకే పెద్దాసుపత్రి దాటి పైకి రాలేకపోయాడు. నేను బ్యాటరీ మీద నడుస్తాను, నా చిప్పులకు ఫ్రిజ్ అక్కర్లేదు. 2020లో నన్నూ ఆ సంస్థ సిఫారసు చేసింది. ఆ ఏడే మావాళ్లని కోవిడ్ పరీక్షలకి లాక్కుపోయారు. దేశంలో 2019లో 24 లక్షలు దాటిన టీబీ నమోదులు 2020లో 18 లక్షలకు పడిపోయాయి. జబ్బు తగ్గి కాదు, వెతికే దిక్కు లేక.

“తాతా, ఇది ఉత్త ఉమ్మి. లోపల్నుంచి లాగి దగ్గాలి.”

“అదే వస్తంది బాబూ.”

మా టెక్నీషియన్‌కి రోజూ ఇదే గొడవ. డబ్బాలో ఉమ్మి పోస్తే నా తెలివంతా వృథా. చిక్కటి కళ్లె వస్తే దాన్ని ద్రావకంతో పలచన చేసి, పక్కనున్న ట్రూప్రెప్‌లో డీఎన్ఏ విడదీసి, ఆరు మైక్రోలీటర్లు నా చిప్పు గుంటలో వేస్తాడు. బుడగ రాకూడదని ఊపిరి బిగబడతాడు పాపం. ఆపైన నేను వేడిచేస్తూ, చల్లబరుస్తూ క్రిమి జన్యువుకి నకళ్లు తీస్తాను. మైక్రోస్కోపుకి మిల్లీలీటరులో వేల క్రిములు కావాలి, నాకు వంద చాలు. ఉందని తేలితే అదే డీఎన్ఏ ఇంకో చిప్పు మీద వేసి, రిఫాంపిసిన్ మందుకి లొంగుతుందో లేదో చూస్తాను. కల్చర్‌లో వారాలు పట్టే కబురు నా దగ్గర గంటల్లో తేలుతుంది.

అయితే చచ్చిన క్రిమినీ బతికిన క్రిమినీ వేరుచేయలేను. మందులు వాడుతున్న రోగికి తగ్గిందా అని చూడాలంటే మళ్లీ ఆ పాత మైక్రోస్కోపు దగ్గరికే. అది నన్ను చూసి నవ్వుకుంటుందని నా అనుమానం.

అసలు బాధ చిప్పులు అయిపోయినప్పుడు. నేను ఖాళీగా మెరుస్తూ కూర్చుంటాను, కళ్లె డబ్బాలు బస్సెక్కి కిందికి పోతాయి. దగ్గరలో పెట్టిన యంత్రానికి చిప్పు అందకపోతే దూరం తగ్గినట్టు ఎలాగవుతుంది?

పసిపిల్లలు కళ్లె ఉమ్మలేరు, మింగేస్తారు. వాళ్ల మలంతోనే పరీక్ష చేసే పద్ధతి సీబీనాట్ నేర్చాడు. మా బల్ల మీదికి అదింకా రాలేదు. నిన్న ఆశా అక్క తీసుకొచ్చిన చిన్నపాపని, వాళ్లమ్మ చంకనేసుకుని పెద్దాసుపత్రికి దిగిపోయింది. ఆ పాప పరీక్ష నేనే చేయాల్సింది.