మృత్తికా విజయము

శుక్రవారం మ్యూజియానికి సెలవు గనుక ఆదివారమే ముహూర్తమైంది. అశోక్‌నగర్ ఇరుకు గల్లీలోంచి, శంఖారావం బదులు ప్రెషర్ కుక్కర్ విజిల్ మోగుతుండగా, ఆ కుటుంబం దండయాత్రకు కదిలింది. ముందు నానమ్మ; ఆమె సంచిలో పులిహోర డబ్బా, సాక్షాత్తూ అక్షయపాత్ర! వెనుక ఏడేళ్ల మనవడు, తొలి వేటకు ఎగసిన సింహకిశోరం. అందరికీ వెనుక, చిక్కడపల్లి సిటీ సెంట్రల్ లైబ్రరీలో గ్రూప్స్ తపస్సు చేసుకుంటూ ఉండగా చెవి పట్టి లాక్కొచ్చిన బాబాయి. కన్నులు అరమోడ్పు, పెదవులపై జనరల్ స్టడీస్ జపం.

ఆటోరథం నారాయణగూడ చౌరస్తా పద్మవ్యూహంలో దూరింది. పాపం, బయటపడే విద్య అభిమన్యుడికి తెలియదు, ఆటోవాలాకు తెలుసు. కోఠి లొంగింది, అఫ్జల్‌గంజ్ దారి ఇచ్చింది. నయాపుల్ మీదుగా మూసీని లంఘించి ఆ త్రిచక్రవాహనం దారుల్‌షిఫాలో, సాలార్‌జంగ్ మ్యూజియం ముంగిట, పొగలు కక్కుతూ నిలిచింది.

మీర్ యూసుఫ్ అలీఖాన్, మూడవ సాలార్‌జంగ్, జీవితమంతా దిక్కులన్నీ గాలించి కూడబెట్టిన సిరి అది. 1951 డిసెంబరు 16న దివాన్‌దేవిడీలో నెహ్రూ చేతుల మీదుగా జనానికి తెరుచుకుని, 1968లో ఈ భవనానికి తరలివచ్చింది. ఇక్కడికి వచ్చే జనసముద్రం సంగతి మనకు తెలియనిదా? గడియారంలోంచి గడ్డపు బుల్లి వీరుడు వెలువడి గంట కొట్టేదాకా మెడలు సాచి నిలబడడం, కొట్టగానే క్యాంటీన్ వైపు పోటెత్తడం. ఆ సముద్రానికి ఆనకట్ట వేయడానికే కాబోలు, సెలవుల్లో ఇక్కడ పిల్లలకు చేతిపనుల శిబిరాలు పెడతారు. ఆనాడు బల్లలు పరిచారు. బల్లల మీద తడిబంకమట్టి ముద్దలు, కులపర్వతాల్లా!

సమస్య ఇచ్చారు: ముసుగు వేసుకున్న ముఖం చేయాలి, ముసుగు లోంచి ముఖం కనబడాలి.

ఆహా, ఏమా సంరంభం! చటచట మట్టి చరిచే చప్పుళ్లు, నీళ్ల గిన్నెల కలకలం, గోళ్లనిండా, చెవులనిండా, కనుబొమ్మలనిండా మృత్తికాతిలకాలు! మనవడు పిడికిలి బిగించి ముద్దను మర్దించాడు. ముక్కు లేచింది, మరుక్షణమే కూలింది. మళ్లీ నిలబెట్టాడు. ముసుగు కప్పాడు, ముక్కు, నోరు, చుబుకం సమస్తమూ ప్రళయజలధిలో లోకాల్లా మునిగిపోయాయి.

“నానమ్మా, మొహం పోయింది!”

అప్పుడు కొంగు నడుముకు దోపింది నానమ్మ. ఏటేటా పసుపుముద్దలో గౌరమ్మను నిలిపిన వేళ్లు అవి. అప్పడంలా మట్టిని పలుచగా ఒత్తి, తడిచేత్తో జార్చి, చెంప దగ్గర ఒక మడత, నుదుట ఒక మడత పెట్టింది. బల్లకు అటువైపు తల్లులు పని మాని నిలబడ్డారు. ఫోన్లలో మునిగిన తండ్రులు తలలెత్తారు, ఇంతకన్నా అద్భుతమేముంది!

అంతలో బాబాయి సమాధి చెదిరింది. “వెయిల్డ్ రెబెక్కా. శిల్పి బెంజోనీ. మొదటి సాలార్‌జంగ్ రోమ్‌లో కొన్నది 1876లో,” అని ఏకబిగిన వర్షించాడు.

“ఎక్కడుందిరా ఆవిడ?”

వీరుడు తడబడ్డాడు. ఆ బిట్టు వందసార్లు దిద్దినవాడు, ఆ గది గడప ఏనాడూ తొక్కలేదు.

మట్టిచేతులు కడుక్కుని సేన కదిలింది. సరిగ్గా అప్పుడే పన్నెండు కావస్తోంది. గడియారం వైపు ఉరికే జనప్రవాహానికి ఎదురీది, మోచేతులే ఖడ్గాలుగా, ముగ్గురూ రెబెక్కా ముందు నిలిచారు. పాలరాతిలో పల్చని ముసుగు. దాని వెనుక వంచిన కళ్లు. మనవడు వంగి, పక్కకెళ్లి, వెనక్కెళ్లి, మడత మడతనూ తనిఖీ చేశాడు. బాబాయికి నాలుగు ఆప్షన్లలో ఏదీ గుర్తు రాలేదు.

నానమ్మ చాలాసేపు చూసి తీర్పిచ్చింది: “తడి ఆరకముందే వేసుంటాడు.”

“రాయికి తడేంటమ్మా!”

“అయితే ఇంకా కష్టమే,” అంది ఆవిడ, పులిహోర డబ్బా మూత తీయబోతూ. అంతఃపురరక్షకుడిలా గార్డు పరుగెత్తుకొచ్చాడు.