రక్తదాన శిబిరంలో చెవిన పెట్టకూడని సలహాలు

"నడక, మాటతీరు చూసి గేనో, ట్రాన్స్‌జెండరో పసిగట్టు. అనుమానం వస్తే వరసలోంచి తప్పించు."

కొత్త వాలంటీర్లకు ఇచ్చే ఈ సలహా పాటించకండి. హెచ్‌ఐవీ నడకలో కనిపించదు. ఈమధ్యే కొత్త మనిషితో కండోమ్ లేకుండా కలిసినవాడికి, పెళ్లయి పిల్లలున్న పెద్దమనిషైనా సరే, ప్రమాదం ఉంటుంది. ఇద్దరూ పరీక్ష చేయించుకుని, హెచ్‌ఐవీ లేదని తేలి, ఏళ్లుగా ఒకరికొకరై ఉంటున్న గే జంటకు ఆ ప్రమాదం లేదు.

"రూలే అలా ఉంటే మనమేం చేస్తాం?"

రూలు ఉన్న మాట నిజమే. 2017 అక్టోబరు నాటి జాతీయ మార్గదర్శకాలు ట్రాన్స్‌జెండర్లను, పురుషులతో సంబంధమున్న పురుషులను, సెక్స్ వర్కర్లను రక్తదానానికి శాశ్వతంగా దూరం పెట్టాయి. మరుసటి ఏడు స్వలింగ సంబంధం నేరం కాదని సుప్రీంకోర్టు చెప్పినా ఈ గీత చెరగలేదు. మణిపూర్‌కు చెందిన ట్రాన్స్ ఉద్యమకారిణి శాంతా ఖురాయ్ దీన్ని సుప్రీంకోర్టులో సవాలు చేశారు. ఆ వర్గాల్లో హెచ్‌ఐవీ ఎక్కువని కేంద్రం వాదన. లెక్కల్లో ఎక్కువే. కానీ వర్గం లెక్క చూసి ఎదుట నిలబడ్డ మనిషి రక్తంలో ఏముందో చెప్పలేం. ఇటలీ ఈ సంగతి 2001లోనే గ్రహించింది. 2021లో బ్రిటన్, 2023లో అమెరికా కూడా ఆడామగా తేడా లేకుండా దాతలందరినీ ఒకే ప్రశ్నలు అడగడం మొదలుపెట్టాయి. ఆ ప్రశ్నలు దాటి డల్లాస్‌లో రక్తం ఇచ్చే మన గే కుర్రాడు, సెలవులకు విజయవాడ వస్తే ఇవ్వడానికి పనికిరాడు. మధ్యలో అతని రక్తం ఏం మారింది?

"ఫారంలో 'లేదు' అని టిక్కు పెట్టెయ్, ఎవరికి తెలుస్తుంది?"

స్నేహితులు ప్రేమగా చెప్పినా ఇది వినకండి. సోకిన తొలి రోజుల్లో వైరస్ పరీక్షకు చిక్కదు. వైరస్ జన్యుపదార్థాన్నే వెతికే నాట్ (NAT) పరీక్ష ఆ వ్యవధిని బాగా తగ్గిస్తుంది గానీ, మన దగ్గర అన్ని బ్లడ్ బ్యాంకుల్లోనూ అది లేదు. కొన్ని వారాలకోసారి రక్తం ఎక్కించుకోక తప్పని తలసీమియా పిల్లలకు దాత చెప్పే నిజమే రక్ష. అందుకే ఈ నిబంధన మీద నాకు కోపం. నిజం చెప్పినవాణ్ణి జన్మంతా వెలేస్తామంటే, నిజం చెప్పడానికి ఎవరు ముందుకొస్తారు?

శిబిరం నడిపేవారికి నా మనవి. ఫారం ప్రశ్నలు పదిమంది ముందు అడగకండి. వద్దనాల్సి వస్తే పక్కకు పిలిచి, మర్యాదగా చెప్పండి. ఆ సాయంత్రమే జాతీయ రక్త మార్పిడి మండలికి మీ సంఘం పేరున ఉత్తరం రాయండి: వర్గాన్ని చూసి వెళ్లగొట్టడం మాని, ప్రతి దాతనూ ఒకే ప్రశ్నలు అడగమని.