పిండి బస్తాకు తూటా మర్యాద

తుపాకీ లైసెన్సు ఉన్నోళ్లు మన జిల్లాల్లో కొద్దిమందే. వాళ్ల కష్టం వాళ్లది. తూటాలు ఎన్ని కొనొచ్చో లైసెన్సు మీదే రాసి ఉంటుంది. కొన్నప్పుడల్లా దుకాణదారు లెక్క ఎక్కిస్తాడు. ఎన్నికలొస్తే తుపాకీని ఠాణాలో అప్పజెప్పి రసీదు తెచ్చుకోవాలి. ప్రాణాలు తీసే సరుకు గదా, ఆ మాత్రం కట్టడి ఉండాలె అనుకునేవాళ్లం.

ఇప్పుడు ఆ గౌరవం మనోళ్లు పిండి అని పిలిచే యూరియాకూ దక్కింది. పట్టాదారు పాస్‌బుక్కే లైసెన్సు. ఈ-పాస్ మిషన్ మీద వేలిముద్ర. ఎకరాల లెక్కన కోటా. అయిదెకరాల రైతు తనకు రావాల్సిందంతా ఒక్కసారే పట్టుకుపోవడానికి లేదు, విడతలుగానే తీసుకోవాలి. ఒకేసారి చేతికిస్తే వరి మీద చల్లుతాడో, ఇంకెవరి మీద చల్లుతాడో! 45 కిలోల బస్తా సర్కారు ధర 266 రూపాయల 50 పైసలు. ఆ అర్ధరూపాయి చిల్లర రైతుకు ఎవరైనా తిరిగిచ్చారేమో చరిత్రకారులు పరిశోధించాలి.

నిజానికి తూటాకూ యూరియాకూ చుట్టరికం పాతదే. గాలిలోని నత్రజనిని పట్టి యూరియాకు ముడిసరుకైన అమ్మోనియా చేయడం 1909లో జర్మన్ శాస్త్రవేత్త ఫ్రిట్జ్ హేబర్ ప్రయోగశాలలో చూపించాడు. 1913లో ఓపౌలో ఫ్యాక్టరీ లేచింది. ఏడాది తిరిగేసరికి మొదటి ప్రపంచ యుద్ధం. చిలీ నుంచి వచ్చే నైట్రేటును బ్రిటిష్ నౌకలు అడ్డుకుంటే, జర్మనీ ఆ అమ్మోనియాతోనే మందుగుండు చేసుకుంది. చేలకు పోవాల్సింది ఫిరంగులకు పోయింది. 2025లో కథ తిరగబడింది. ఎర్ర సముద్రంలో ఓడలకు భయం, ఇజ్రాయెల్-ఇరాన్ మధ్య క్షిపణులు, పైగా చైనా ఎగుమతుల మీద ఆంక్షలు. ఎక్కడో తూటా పేలితే ఇక్కడ సుల్తానాబాద్‌లో వరి పసుపుబారింది.

చైనా దాకా ఎందుకు, మనకు పెద్దపల్లి జిల్లాలో రామగుండం లేదా అంటారా? ఎందుకు లేదు! బొగ్గుతో నడిచే పాత ఎరువుల కర్మాగారం 1999లో మూతపడ్డది. దాని చోట గ్యాసుతో నడిచే రామగుండం ఫర్టిలైజర్స్ (ఆర్‌ఎఫ్‌సీఎల్) వచ్చింది. 2021 మార్చిలో ఉత్పత్తి మొదలుపెట్టింది. 2022 నవంబరు 12న ప్రధాని వచ్చి జాతికి అంకితం చేశారు. ఆయన అన్నమాట ప్రకారమే అది జాతిది, పెద్దపల్లిది కాదు. అందుకే అక్కడి యూరియా అయిదారు రాష్ట్రాలకు పంపకమవుతుంది. రోజుకు 3,850 టన్నుల సామర్థ్యం, అంటే 85 వేల బస్తాలకు పైమాటే. నడిచిన రోజున. 2025 వానాకాలంలో సరిగ్గా వరికి ఆకలైన నెలలోనే దానికి సాంకేతిక లోపమొచ్చింది. యంత్రాలకు కూడా పంటల క్యాలెండర్ తెలుస్తుందేమోనని నా అనుమానం.

ఆ ఆగస్టు, సెప్టెంబరుల్లో సొసైటీల ముందు ఏం జరిగిందో పేపర్లు రోజూ ఫొటోలతో సహా వేశాయి. తెల్లారకముందే చెప్పుల లైను. చెప్పు లేనోడు పాస్‌బుక్కు పెట్టి దాని మీద రాయి పెట్టాడు. ఢిల్లీ 'పంపినం' అన్నది. హైదరాబాద్ 'రాలేదు' అన్నది. ప్రతిపక్షం వినాయక చవితి రోజుల్లో గన్‌పార్కు దగ్గర ఏకంగా గణపతికే మొర పెట్టుకుంది. యూరియా తెచ్చే రైలు ర్యాకు ఎక్కడున్నదో మాత్రం ఆ విఘ్నేశ్వరుడు కూడా చెప్పలేకపోయాడు.

ఊళ్లో ఈ ఆరాటం ఎందుకో పట్నంలో ఉన్నోళ్లకు అర్థం కాదు. నాటేసిన మూడు వారాలకు వరి పిలకలు వేస్తుంది. అప్పుడొక దఫా పిండి పడాలె. చిరుపొట్ట దశలో ఇంకో దఫా. ఆ అదను దాటినంక బస్తా తెచ్చి పొలం గట్టున పెట్టినా వరి దాన్ని గుర్తుపట్టదు. మక్కకూ అంతే. అందుకే లారీ వచ్చిందని ఎవడన్నా అంటే చాలు, నాటు వేయనోడు కూడా ఉరుకుతాడు. ఇంట్లో రెండు బస్తాలు ఉన్నోడు నాలుగు దాచుకుంటాడు. యాసంగికి దొరకదన్న భయంతో వానాకాలంలో కొంటాడు. వానాకాలంలో దొరకనోడు ఆ భయం నిజమేనని నలుగురికి చెబుతాడు.

సర్కారు ఊరికే కూర్చోలేదు. లైన్లు కనపడితే ఫొటోలు వస్తాయి, ఫొటోలు వస్తే పరువు పోతుంది. కాబట్టి లైను కనపడకుండా చేసే యాప్ కనిపెట్టింది. పంచాయతీ ఎన్నికల ఆఖరి విడత 2025 డిసెంబరు 17న అయిపోయింది. లైసెన్సుదార్లకు తుపాకులు వాపసు ఇచ్చే వేళకు, 20వ తేదీ నుంచి యూరియాకు ఆన్‌లైన్ బుకింగ్ మొదలైంది. ముందుగా అయిదు జిల్లాల్లో ప్రయోగం. అందులో ఒకటి ఆదిలాబాద్, ఇంకోటి పెద్దపల్లి. ఫ్యాక్టరీ గొట్టం కనపడే ఊళ్లో కూర్చుని, యూరియా ఉందో లేదో ఫోన్‌లో చూసుకునే భాగ్యం దేశంలో ఇంకెవరికి ఉంది?

యాప్ మంచిదే, పాపం దాన్ని ఏమీ అనకూడదు. తిట్టదు, తోపులాటలో కాలు తొక్కదు, 'రేపు రా' అని లాఠీ ఊపదు. నిశ్శబ్దంగా స్టాకు నిల్ అంటుంది, అంతే. ఫోన్ నంబరు కొట్టి, ఓటీపీ ఎక్కించి, పాస్‌బుక్ నంబరు వేసి, పంట చెప్పి, దుకాణం ఎంచుకునేలోపు కళ్లముందే బస్తాలు కరిగిపోతాయి. పండుగ సేల్‌లో ఫోన్లు కొనే పిల్లలకు ఈ విద్య అలవాటే. అరవై ఏళ్ల కాకకు వేలు తెరమీద ఆనకముందే సేల్ అయిపోతుంది. వెనకటికి తెల్లారి నాలుగింటికి లైన్లో చెప్పులు పెట్టి చెట్టుకింద కూసునేటోడు. ఇప్పుడా ఉపాయం లేదు. చెప్పులకు ఓటీపీ రాదు.

ఆదిలాబాద్ గూడేల్లో సంగతి ఇంకో రకం. అక్కడ ఎరువు కంటే ముందు సిగ్నల్ కొరత. గుట్ట ఎక్కితే నెట్‌వర్క్ ఒక గీత కనిపిస్తుంది, కానీ పాస్‌బుక్కు ఇంట్లో మరిచిపోయి ఉంటుంది. పోడు పట్టా ఉన్నోడికి తన భూమి ఏ గడిలో నింపాలో చెప్పడానికి ఒక మనిషి కావాలె. ఆ మనిషి పది కిలోమీటర్ల అవతల మీ సేవలో ఉంటాడు.

కరీంనగర్ దిక్కు కౌలు రైతు కష్టం మాత్రం అంతర్జాతీయం. భూమి పటేల్ పేరు మీద, పాస్‌బుక్కుకు తగిలించిన నంబరు పటేల్ కొడుకుది, కొడుకు దుబాయ్‌లో. ఇక్కడ పొద్దున ఆరయితే అక్కడ నాలుగున్నర. లేబర్ క్యాంపులో పన్నెండు గంటల డ్యూటీ చేసి పడుకున్నోడికి ఊరి నుంచి ఫోన్.

"తమ్మీ, ఓటీపీ అచ్చిందా?"

"ఏ బ్యాంకు నుంచి కాకా? ఎవడన్నా మోసం చేస్తున్నడా ఏంది?"

"బ్యాంకు గాదు బిడ్డా, యూరియాకు. జల్ది చెప్పు."

"ఆగు, అద్దాలు పెట్టుకోనియ్యి... నాలుగు, ఏడు, సున్నా..."

"టైం అయిపోయిందట. ఇంకోటి పంపిస్తున్న, పండుకోకు."

రెండోది వచ్చేసరికి స్టాకు నిల్. కాక వట్టి చేతులతో దుకాణం ముందు నిలబడితే, దుకాణదారు జాలిపడి అరలీటరు నానో యూరియా సీసా తీసి బల్ల మీద పెట్టాడు. ఒక్క సీసా బస్తాకు సాటి అని 2021లో ఇఫ్కో తెచ్చిన సరుకది. బస్తా దొరికిన రోజున కూడా దానికి లింకు పెట్టి అంటగట్టేది ఇదే. పాస్‌బుక్కు అడగలేదు, వేలిముద్ర అడగలేదు, ఏ పంట అని కూడా అడగలేదు.

"దీనికి ఓటీపీ అక్కర్లేదా?" అన్నాడు కాక.

"దీనికెందుకు కాకా, ఎన్ని కావాలన్నా తీస్కపో!"