చెట్టుకొక రుచి ఉండేది

మా రోజుల్లో కల్లుకు పేరుండేది కాదు, ఊరుండేది. చెరువుకట్ట కల్లు ఒక తీరు, వంక పక్క కల్లు ఇంకో తీరు, గుట్ట కింద రాళ్ళల్లో పెరిగిన ఈతచెట్టు కల్లు మరో తీరు. ఒక్క గుక్క తాగి ఇది ఏ దిక్కు చెట్టుదో చెప్పే ముసలోళ్ళు మా వీధిలోనే ముగ్గురుండేవాళ్ళు. మీకు సీసా మీద అతికించిన కాగితం చదివితే గాని నోట్లో ఏముందో తెలియదు.

ఈ మాట ఇప్పుడెందుకు వచ్చిందంటే, సంక్రాంతికి మా మనవడు బెంగళూరు నుంచి ఒక ఇటలీ వైన్ సీసా పట్టుకొచ్చాడు. పేరు కియాంతి, టస్కనీ సీమది. సీసా తెరవక ముందే అరగంట పాఠం చెప్పాడు. ఏ ఊళ్ళ మధ్య పండిన ద్రాక్షతో చేసినదాన్ని ఆ పేరుతో అమ్మాలో అక్కడి ప్రభువు మూడో కోసిమో 1716లోనే హద్దులు గీసి శాసనం చేశాడంట. 1963లో దేశమంతటికీ అలాంటి చట్టమే వచ్చిందంట. మూడు వందల యాభైకి పైగా ద్రాక్ష రకాలు అక్కడ సాగులో ఉన్నాయని, ఏ సీమ రకం ఆ సీమదేనని, ‘నెబ్బియోలో’ రకానికి పొగమంచును బట్టే ఆ పేరొచ్చిందంటారని చెప్పాడు. “మన్ను, మంచు, ఆ ఊరి ద్రాక్ష, ఆ ఊరి తిండి... వీటివల్లే ఇటలీ వైన్‌కు ఆ రుచి తాతా” అన్నాడు.

వాడు చెప్పింది నిజమే. నాకు కోపమొచ్చింది కూడా అందుకే. ఇదంతా మనకు ఉండేది కదా నాయనా! హార్సిలీ కొండ మీంచి మంచు దిగే నెలల్లోనే కదా మన ఈత కల్లు తియ్యగా దిగేది! చలి ముదిరేకొద్దీ కల్లు చిక్కబడేది. ఎండలు మొదలైతే ముంతలోనే పులిసిపోయేది.

మాకు కల్లు పోసే ఆయన్ని ఊరంతా మామా అనే పిలిచేది. ఈడిగోళ్ళ ఇంట పుట్టి, మీసాలు రాకముందే మోకు నడుముకు కట్టినవాడు. ఆయన చెట్టు గీయడం చూడాలి మీరు. మొవ్వు దగ్గర ఒక పక్క మట్టలు కోసేసి, పైచెక్కు తీసి, లోపలి తెల్లటి మెత్తదనం కనబడేదాకా కత్తి ఆనించి ఆనించి గీసేవాడు. కత్తి ఒక వెంట్రుకవాసి లోతుకు దిగితే చెట్టుకు దెబ్బ, పైపైన గీస్తే కల్లు దిగదు. దాని కింద వెదురు పుల్ల దింపి ముంత కట్టేవాడు. కొన్నాళ్ళు గీసి కొన్నాళ్ళు చెట్టును ఆరనిచ్చేవాడు. ఆరనిచ్చిన తర్వాత మొదటి రాత్రి దిగిన కల్లే కల్లు. ఆ ముంత కోసం నేను తెల్లారుజామున దుప్పటి కప్పుకొని చెరువుకట్ట మీద కూర్చున్న రోజులు ఎన్నో.

పొద్దు పొడవక ముందు అది కల్లు కూడా కాదు, చెరుకు రసం లాంటి తీపి. కుండ లోపల సున్నం పూసి దించితే అలాగే నీరాగా నిలిచేది. పూయకపోతే గాలిలోదీ, పాత కుండ గోడకు పట్టిందీ కలిసి పని మొదలుపెట్టేవి. మనవడు దాన్ని ఈస్టు అంటాడు. పది గంటలకు నురగ, మధ్యాహ్నానికి ఘాటు, సాయంత్రానికి పులుపు. ఒకే ముంత, పూటకొక రుచి. ఇటలీ వైన్‌ను పీపాల్లో ఏళ్ళ తరబడి దాచుకోవచ్చు. మా కల్లు మర్నాటికి నిలవదు. నిలవదు కాబట్టే ఊరు దాటలేదు, ఊరు దాటలేదు కాబట్టే ఆ ఊరి రుచి దానిలో ఉండిపోయింది.

తిండి సంగతి కూడా చెప్పాలి. ఇటలీలో పుల్లటి టమాటా కూరకు పుల్లటి వైనే సరిజోడు అన్నాడు మావాడు. మదనపల్లెలో పుట్టినవాడికి టమాటా పులుపు గురించి చెబుతున్నాడు! రాగిసంగటి, చెనిక్కాయల ఊరిబిండి, పచ్చి ఎర్రగడ్డ, పక్కన మధ్యాహ్నపు కల్లు. ఊరిబిండి కారం నాలుక మీద మండుతుంటే ఆ పులుపు వచ్చి కడిగేసేది. ఏ కుండలోది ఏ కూడుతో తాగాలో మాకు ఎవరూ చెప్పలేదు, కడుపుకే తెలిసేది. పుంగనూరు ఆవు సంగతీ ఇంతే. నడుమెత్తు లేని ఆవు, ఇంత గడ్డి తిని, వెన్న మెండుగా ఉన్న పాలిచ్చేది. మన మెట్టకూ మన మేతకూ పుట్టిన ఆవు అది. ఇప్పుడు ఫోటోలు దిగడానికి మేడల్లో పెంచుకుంటున్నారు.

మరి ఇటలీవాళ్ళు నిలబెట్టుకున్నది మనం ఎందుకు పోగొట్టుకున్నాం? మన కల్లుకు ఎవరైనా హద్దు గీశారంటే అది ఆపడానికే. 1937లో రాజాజీ సేలం జిల్లాలో మద్యనిషేధం పెట్టాడు, మరుసటి ఏడే మన చిత్తూరుకూ కడపకూ తెచ్చాడు. మా తాత తరం రాత్రిళ్ళు దొంగల్లా తాగింది. కుప్పం దాటి తమిళనాడులో అడుగుపెడితే 1987 నుంచి ఈనాటికీ కల్లు నిషేధమే. నిషేధించినవాళ్ళను నేను తిట్టను. మా అమ్మ ఏనాడూ ముంతను గడప దాటనివ్వలేదు, ఆమె చూసిన సంసారాలు ఆమెవి. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్ళు సారా మీద తిరగబడినప్పుడు నేను వాళ్ళ వైపే ఉన్నాను. మరుసటి ఏడు సారా ఆగిపోయింది, మంచిదయింది. సారాకు ఊరు లేదు, చెట్టు లేదు, రుచి లేదు. కానీ సారాను, కల్లును ఒకే గాటన కట్టడం నాకు ఎప్పటికీ మింగుడుపడదు.

నిషేధాలకన్నా పెద్ద దెబ్బ పొడి కల్లు. క్లోరల్ హైడ్రేట్, డైజిపామ్, ఆల్ప్రాజోలం నీళ్ళల్లో కలిపి, తీపికి శాక్రిన్ వేసి, నురగ తెప్పించి కల్లని అమ్మారు. అది అలవాటైనవాళ్ళకు ఒక్క పూట దొరక్కపోతే చేతులు వణికి, మతి తప్పి ఆసుపత్రుల పాలయ్యారు. ఇటలీలోనూ ఈ పాపం జరిగింది. 1986లో చౌక వైన్‌లో మిథనాల్ కలిపితే ఇరవై మందికి పైగా చనిపోయారు. అయితే వాళ్ళు ఆ దెబ్బకు కళ్ళు తెరిచారు. తనిఖీలు బిగించారు, తక్కువ పండించినా ఊరి పేరు నిలబెట్టేదే పండించాలనుకున్నారు. మనం ఈతచెట్లు కొట్టి ఇటుకబట్టీలకు తోలాం. వంక గట్లు చదునుచేసి బోర్లు వేసి టమాటా నాటాం. నేనూ నాటాను. నా గట్టు మీది ఆరు చెట్లు నేనే కొట్టించాను, ఆ ఏడు టమాటాకు ధర పలికింది కూడా.

మామ చెట్టు మీంచి పడి నడుము విరిగి పదేళ్ళు మంచంలోనే ఉన్నాడు. ఆయన కొడుకు మోకు ముట్టుకోలేదు, లారీ తోలుకున్నాడు. ఆ పిల్లవాణ్ణి తప్పుపట్టే నోరు నాకు లేదు. నా కొడుకునైతే నేను చెట్టెక్కించేవాణ్ణా?

సీసా మూత తీశాక మనవడు నాకూ కాస్త పోశాడు. బాగుంది. పుల్లగా, కొంచెం వగరుగా, తినడానికేదైనా ఉంటే బాగుండును అనిపించేలా ఉంది. ఆ సీసా మీద ద్రాక్ష ఏ ఏడు పండిందో వేసి ఉంటుందని చూపించాడు. అప్పుడు వాణ్ణి లేపి చెరువుకట్ట మీదికి తీసుకుపోయాను.

ఈతచెట్టును ఒక ఏడు ఒక పక్క గీస్తే మరుసటి ఏడు రెండో పక్క గీస్తారు. అందుకే గీసిన చెట్టు కాండం వంకర టింకరగా, మెట్లు మెట్లుగా ఉంటుంది. ఒక్కో మెట్టూ ఒక ఏడు. కట్ట మీద మిగిలిన ఒకే ఒక్క చెట్టు కింద నిలబడి ఇద్దరం లెక్కపెట్టాం. కింది నుంచి పదకొండు మెట్లున్నాయి, అన్నీ మామ కత్తివే. ఆ పైన, మొవ్వు దాకా, ఒక్క గీత కూడా లేదు.